నా నోట్సులో ఆ పేజీ అంతా కొట్టివేతలే. శత్రుదేశాలు బాంబులు తగ్గించుకోవడం ఇక చూస్తామా?

నోట్సు సారు
నల్గొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. 2004 నుంచి అదే నోట్‌బుక్. అట్ట మూడుసార్లు మార్చాను, లోపలి కాగితాలు మాత్రం అవే. అందులో 'అమెరికా, రష్యా ఆయుధ ఒప్పందాలు' అని ఒక పేజీ ఉంది. మొన్న క్లాసులో ఆ పేజీ తీశాను. 1972 నాటి క్షిపణి నిరోధక ఒప్పందం నేను రాసేనాటికే పోయింది, 2002లో అమెరికా బయటికి వచ్చేసింది. 1987 నాటి మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద 2019లో ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. ఒకరి దేశం మీద ఒకరు విమానంలో తిరిగి చూసుకోనిచ్చే ఓపెన్ స్కైస్ మీద 2020లో అమెరికా పోయినప్పుడు ఒకటి, 2021లో రష్యా పోయినప్పుడు ఇంకొకటి. చివరికి మిగిలింది న్యూ స్టార్ట్. ఒక్కొక్కరు మోహరించే వార్‌హెడ్లు, అంటే క్షిపణి కొనలో ఉండే అణుబాంబులు, 1,550 దాటకూడదన్నది అందులోని షరతు. 2026 ఫిబ్రవరి 5తో దాని గడువు కూడా తీరింది. దాని మీద కూడా గీత కొట్టాను.

వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "సార్, ఇది చరిత్ర కింద చదవాలా, కరెంట్ అఫైర్స్ కింద చదవాలా?" అని అడిగింది. పరీక్ష కోసమే అడిగింది పాపం. నాకు మాత్రం నోట మాట రాలేదు. రాత్రంతా అదే ఆలోచన. ఒకరినొకరు నమ్మని రెండు దేశాలు కూర్చుని బాంబులు తగ్గించుకోవడం మళ్లీ జరుగుతుందా? లేక ఆ రోజులు పోయినట్టేనా? మీకు ఏమనిపిస్తోందో రాయండి.

మర్రి నీడ
కొట్టివేతలు ఒక్కటే చూడకండి సార్. 1986లో ప్రపంచం మొత్తం మీద అణ్వాయుధాలు 70 వేల దాకా ఉండేవి. ఆయుధాల లెక్కలు తీసే స్వీడన్ సంస్థ సిప్రీ ప్రకారం 2025 జనవరి నాటికి 12,241. ఐదో వంతు కూడా లేవు. ఆ అంకె కూడా అదే పేజీలో రాయండి.

నోట్సు సారు
రాసే ఉంది తమ్ముడూ. కానీ ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మూలన పడేసిన పాతవాటిని విప్పడం వల్ల వచ్చిందే. విప్పే వేగం ఏటేటా తగ్గుతోంది, కొత్తవి చేరే వేగం పెరుగుతోంది. సిప్రీ వాళ్లు చెబుతున్నది కూడా అదే.

కల్వకుర్తి మాజీ జవాను
ఇరవై రెండేళ్లు సర్వీసు చేసి వచ్చాను. ఉన్నమాట చెబుతాను, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. ఉక్రెయిన్ దగ్గర సోవియట్ నాటి వార్‌హెడ్లు పంతొమ్మిది వందల దాకా ఉండేవి. 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో కాగితం రాసుకుని అన్నీ ఇచ్చేసింది. మీ సరిహద్దుల జోలికి రామని ఆ కాగితం మీద రష్యా కూడా సంతకం పెట్టింది. 2014లో క్రిమియా ఏమైంది? 2022లో ఏమైంది? ఇది చూశాక ఏ దేశం తన చేతిలోది కింద పెడుతుంది? ఇంటికి తాళం వేసుకోవడం తప్పు కాదు కదా.

డిగ్రీ సెకండియర్
అన్నా, ఆ వార్‌హెడ్లు ఉక్రెయిన్ నేల మీద ఉన్నాయి కానీ పేల్చే కోడ్‌లు మాస్కో చేతిలోనే ఉండేవని చదివాను. అంటే తాళంచెవి వాళ్ల దగ్గర లేనే లేదు కదా?

కల్వకుర్తి మాజీ జవాను
నిజమే తమ్ముడూ. కానీ నేను అంటున్నది మాట ఇచ్చి తప్పడం గురించి. మాట తప్పినవాడితో మళ్లీ ఎట్లా కూర్చుంటావు?

బత్తాయి తోట
కూర్చోవచ్చు అన్నా. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా నాయినకు, మా చిన్నాయినకు ఒకటే బావి. గెట్టు పంచాయితీ వచ్చి పంతొమ్మిదేళ్లు మాటల్లేవు. పెళ్లిళ్లకు పోలేదు, మా నానమ్మ పోయినప్పుడు కూడా ఒకరు వాకిట్లో, ఒకరు వెనక దొడ్లో కూర్చున్నారు. కానీ ఆ పంతొమ్మిదేళ్లలో మోటరు వంతు ఒక్క రోజు తప్పలేదు. స్టార్టర్ డబ్బా ఉన్న రేకుల గది గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది. ఎడమ పక్క మా నాయిన గీతలు, కుడి పక్క చిన్నాయిన గీతలు. మోటరు వేసినవాడు గీత గీయాలి. కరెంటు పోతే సున్నా చుట్టాలి. వానకు గోడ తడిసి గీతలు చెరిగితే ఇద్దరూ వేర్వేరుగా వచ్చి ఎవరివి వాళ్లే మళ్లీ గీసేవాళ్లు. మాట్లాడుకునేవాళ్లు కాదు, గోడను చదువుకునేవాళ్లు. నేను బడి నుంచి వచ్చి ఆ గీతలు లెక్కపెట్టి మా నాయినకు చెప్పేవాణ్ని. అటు మా చిన్నాయిన కూతురు కూడా లెక్కపెట్టేది.

ప్రేమ ఉండి కాదు. మోటరు కాలితే ఇద్దరి తోటలూ ఎండుతాయని ఇద్దరికీ తెలుసు. అంతే.

మర్రి నీడ
బత్తాయి అన్నా, ఆ గోడ ఇంకా ఉందా? ఉంటే ఫోటో పెట్టు.

బత్తాయి తోట
గది కూలిపోయింది తమ్ముడూ. ఇప్పుడు ఎవరి బోరు వాళ్లదే.

పత్తి కాంటా
బావి ముచ్చట బాగుంది కానీ నేను ఒప్పుకోను. వంతు తప్పితే ఒక మడి ఎండుతుంది, మరుసటి వారం సర్దుకోవచ్చు. బాంబు విషయంలో ఒక్కసారి మోసపోతే సర్దుకోవడం ఉండదు. మా ఊరికి వచ్చి పత్తి కొనే ఒక వ్యాపారి కాంటాలో బస్తాకు మూడు కిలోలు కొట్టేవాడు. నాలుగేళ్లు మాకు తెలియనే లేదు. వేరే ఊరి వేబ్రిడ్జి మీద తూకం వేయించుకుంటే బయటపడింది. కళ్ల ముందున్న పత్తి తూకంలోనే అంత మోసం జరిగితే, భూమి కింద గొయ్యిలో దాచిన క్షిపణి లెక్క ఎట్లా నమ్ముతాం?

నోట్సు సారు
నేను ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయే పాఠం ఇదే. మీరు అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అమెరికా, సోవియట్ వాళ్లు కూడా ఒకరినొకరు నమ్మలేదు. 1983 సెప్టెంబర్ 1న సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 269 మంది పోయారు. అదే నెల 26న సోవియట్ హెచ్చరిక కేంద్రంలో, అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని తెర మీద వచ్చింది. డ్యూటీలో ఉన్న పెట్రోవ్ అనే అధికారి అది పొరపాటు అయి ఉంటుందని అనుకుని ఆగాడు. తర్వాత తేలింది ఏమిటంటే, మేఘాల మీద పడిన ఎండ మెరుపును ఉపగ్రహం మంట అనుకుంది. అంత పగ, అంత భయం ఉన్న కాలం అది. అక్కడికి నాలుగేళ్లకే, 1987 డిసెంబర్ 8న అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ ఆ మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. 1991 నాటికి 2,692 క్షిపణులు ముక్కలయ్యాయి.

ఎట్లా సాధ్యమైందంటే, మీరు అన్న వేరే ఊరి వేబ్రిడ్జిని ఒప్పందంలోనే పెట్టుకున్నారు. రష్యాలో వోట్కిన్‌స్క్ అనే ఊళ్లో క్షిపణుల ఫ్యాక్టరీ ఉంది. దాని గేటు బయట అమెరికా వాళ్లు 13 ఏళ్లు మకాం వేసి, బయటికి వచ్చే ప్రతి పెద్ద పెట్టెనూ కొలిచారు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఫ్యాక్టరీ గేటు దగ్గర సోవియట్ వాళ్లు అదే పని చేశారు. తర్వాతి ఒప్పందం 1991 నాటి స్టార్ట్. అందులో అమెరికా బీ-52 బాంబర్ల వంతు వచ్చింది. అరిజోనా ఎడారిలో క్రేనుకు వేలాడదీసిన బరువైన ఉక్కు కత్తిని విమానం మీద వదిలి ముక్కలు చేశారు. ఆ ముక్కలను వెంటనే తీసేయలేదు, 90 రోజులు ఎండలో అట్లాగే పడేసి ఉంచారు. పైనుంచి వెళ్లే రష్యా ఉపగ్రహం చూసుకోవాలి కాబట్టి.

న్యూ స్టార్ట్‌లో ఒక్కొక్కరికి ఏడాదికి 18 తనిఖీలు. వచ్చినవాళ్ల ముందు క్షిపణి కొన టోపీ తీస్తారు. లోపల వార్‌హెడ్ల మీద కవరు కప్పి ఉంటుంది. దాని తయారీ రహస్యం చూపించక్కర్లేదు, ఎన్ని ఉన్నాయో మాత్రం చూపించాలి. కవరు కింద ఉబ్బెత్తులు లెక్కపెట్టుకుని పోతారు. తొమ్మిదేళ్లలో ఇట్లాంటి తనిఖీలు ఇద్దరివీ కలిపి 300కు పైగా జరిగాయి. ఒకరికొకరు పంపుకున్న సమాచార నోటీసులు 25 వేలు దాటాయి.

2020 మార్చిలో కోవిడ్ వచ్చి తనిఖీలు ఆగాయి. మళ్లీ మొదలు కాలేదు. 2023 ఫిబ్రవరిలో ఒప్పందాన్ని పక్కన పెడుతున్నట్టు పుతిన్ ప్రకటించాడు. కాగితం మొన్న పోయింది కానీ చూసే కళ్లు ఆరేళ్ల కిందే మూతపడ్డాయి. నా బాధ అసలు అక్కడే.

పత్తి కాంటా
కవరు కింద లెక్కపెట్టడం నాకు తెలియదు సార్. రహస్యం దాచుకుంటూనే లెక్క చూపించవచ్చన్నమాట. సరే, ఇది విన్నాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. పూర్తిగా కాదు.

సాగర్ కట్ట మీద
మన దగ్గర చూడండి. 2023 నవంబర్ 30 తెల్లవారుజామున సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. సగం గేట్ల దగ్గర ముళ్లకంచె వేశారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చాయి. కృష్ణాలో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 టీఎంసీల తాత్కాలిక పంపకం 2015 నుంచి కాగితం మీద ఉన్నదే. అయినా ఏటా గొడవే. కారణం ఎవరు ఎంత తీసుకున్నారో ఇద్దరూ నమ్మే కొలత అన్ని చోట్లా లేకపోవడం. నీళ్లను తానే కొలిచి లెక్క పంపే టెలిమెట్రీ యంత్రాలు పెట్టండని అడిగి అడిగి అలసిపోయాం. అన్నదమ్ముల రాష్ట్రాల మధ్యే కొలత లేక ఇంత టెన్షన్ పడితే, అక్కడ కొలత పోవడం ఎంత ప్రమాదమో నాకు వేరే చెప్పక్కర్లేదు.

జడ్చర్ల అమ్మ
నేను ఇక్కడ చదవడమే కానీ రాయను. ఈరోజు రాస్తున్నాను. మా చిన్నోడు జమ్మూ వైపు డ్యూటీలో ఉన్నాడు. 2025లో ఆపరేషన్ సింధూర్ అప్పుడు, మే 7 నుంచి 10 దాకా ఫోన్ లేదు. టీవీ పెడితే పెద్ద పెద్ద అరుపులు. ఒక ఛానెల్లో ఒకాయన బాంబుల సంఖ్యలు క్రికెట్ స్కోరులాగా చెబుతున్నాడు, మనకు 180, వాళ్లకు 170 అని. నేను టీవీ ఆపేసి పొయ్యి ముందు కూర్చున్నాను. అన్నం గంజి వార్చడం మర్చిపోయి ముద్ద చేశాను. పదో తారీఖు సాయంత్రం కాల్పులు ఆగాయన్నారు. పదకొండు పొద్దున వాడు ఫోన్ చేసి, "అమ్మా, తిన్నావా?" అన్నాడు.

ఆ 180, 170 అన్న అంకెల్లో నా కొడుకు ఎక్కడున్నాడు? అవతల కూడా ఒక తల్లి ఉంటుంది కదా. మాజీ జవాన్ అన్నా, మీరంటే గౌరవం. నా కొడుకు తాళం వేసిన ఇంట్లో లేడు, గడప మీద ఉన్నాడు.

కల్వకుర్తి మాజీ జవాను
చెల్లె, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. 1999లో కార్గిల్ యుద్ధం అప్పుడు నేను ద్రాస్ వైపు ఉన్నాను. అప్పటికి రెండు దేశాలూ అణుపరీక్షలు చేసి ఏడాదే. బాంబు ఉంటే యుద్ధం రాదన్నారు. వచ్చింది. మావాళ్లు ముగ్గురు తిరిగి రాలేదు. కాబట్టి బాంబే కాపాడుతుందని నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. నాకున్న భయం ఒక్కటే, మనం ఒక్కళ్లమే ముందు దించితే ఏమవుతుందని. ఇద్దరూ కలిసి దించితే సెల్యూట్ కొట్టేవాళ్లలో మొదటివాణ్ని నేనే. మీ చిన్నోడు క్షేమంగా ఉండాలి.

డిగ్రీ సెకండియర్
సార్, ఇండియా పాకిస్తాన్ మధ్య అసలు ఒక్క ఒప్పందమన్నా ఉందా?

నోట్సు సారు
ఉంది, చాలామందికి తెలియదు. ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబర్ 31న ఒప్పుకున్నారు. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ జరిగిన మరుసటి జనవరిలో ఇచ్చుకున్నారు, ముంబై దాడుల తర్వాత ఇచ్చుకున్నారు, ఆపరేషన్ సింధూర్ తర్వాత వచ్చిన జనవరిలో కూడా ఇచ్చుకున్నారు. 2005లో ఇంకొకటి ఉంది. బాలిస్టిక్ క్షిపణి, అంటే పైకి ఎగసి కిందికి పడే రకం, పరీక్షించాలంటే కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. 2007లో అణ్వాయుధ ప్రమాదాల మీద మరొకటి. ఇవేవీ బాంబుల సంఖ్య తగ్గించవు. కానీ బత్తాయి తోట వాళ్ల గోడ మీద గీతల్లాంటివే ఇవి. మాటలు లేని రోజుల్లో కూడా నడుస్తున్నాయి.

మర్రి నీడ
2022 మార్చి 9న మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున పేలి పాకిస్తాన్‌లో మియాన్ చన్ను దగ్గర పడింది కదా. దాని మీద వార్‌హెడ్ లేదు కాబట్టి సరిపోయింది. ముగ్గురు అధికారులను తీసేశారు. సార్ చెప్పిన 2005 ఒప్పందం బాలిస్టిక్ వాటికే కాబట్టి విమానంలాగా ఎగురుతూ పోయే బ్రహ్మోస్‌లాంటి క్రూయిజ్ క్షిపణి దాని కిందికి రాదు. ముందు దాన్ని కలిపితే చాలు. అదేమీ ఎవరి బలమూ తగ్గించదు.

పత్తి కాంటా
'పేలి' కాదు తమ్ముడూ, 'వెళ్లి'. పేలి ఉంటే మనం ఇక్కడ రాసుకుంటూ ఉండేవాళ్లం కాదేమో.

మర్రి నీడ
అవునన్నా, తప్పు రాశాను. వెళ్లి పడింది.

అమ్రాబాద్ గాలి
అందరూ చివర గురించి మాట్లాడుతున్నారు, నేను మొదలు గురించి అడుగుతాను. ఇదంతా మొదలయ్యేది యురేనియం దగ్గర కదా? 2019లో మా నల్లమలలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతుకుతామన్నారు. బోర్లు వేసే బండ్లు రాకుండా మా ఊళ్ల వాళ్లు రోడ్డు మీద వంటలు చేసుకుని కూర్చున్నారు. పెంటల నుంచి, అంటే అడవిలోని చెంచు గూడేల నుంచి, ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. మీ దేవరకొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు సంగతి ఇంకా పాతది. 2003 ఆగస్టులో పబ్లిక్ హియరింగ్ పెట్టినప్పుడు జనం ఎదురు తిరిగారు. పక్కనే సాగర్ నీళ్లు, హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు ఎత్తిపోసే పుట్టంగండి అక్కడికి దగ్గరే. మన కాళ్ల కింద మట్టి గురించి మనం నోరు తెరిస్తే ఆగింది. అందుకే ఇది పెద్ద దేశాల వ్యవహారం, మనకెందుకు అంటే నాకు నచ్చదు.

మౌలాలి రిటైర్డ్
అమ్మా, మీ పోరాటం మీద గౌరవంతోనే ఒక మాట. ఆ యురేనియం కరెంటు కోసం అన్నారు, బాంబు కోసం కాదు. రెండూ కలిపేయకూడదు.

అమ్రాబాద్ గాలి
కలిపింది నేను కాదు సార్. 2008లో అమెరికాతో చేసుకున్న అణు ఒప్పందం తర్వాత బయటి నుంచి తెచ్చుకున్న యురేనియం అంతర్జాతీయ తనిఖీ ఉన్న రియాక్టర్లకే వాడాలి. మన గనిలోంచి తీసినదానికి ఆ షరతు లేదు. దేనికి పోతుందో ఊళ్లో అడిగితే చెప్పేవాళ్లు లేరు. నేను అడిగేది కూడా పైన సార్ చెప్పిందే. చూసే కళ్లు ఉండాలి.

మౌలాలి రిటైర్డ్
అది న్యాయమైన ప్రశ్నే. ఒప్పుకుంటాను.

నా వంతుగా ఒక మంచి కబురు చెబుతాను, దీన్ని ఎవరూ తలచుకోరు. 1993లో అమెరికా, రష్యా ఒక ఒప్పందం చేసుకున్నాయి. విప్పిన రష్యా బాంబుల్లోని యురేనియం 90 శాతం దాకా శుద్ధి చేసినది. దాన్ని పలచనచేసి 5 శాతం లోపుకు దించి, అమెరికా విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా పంపారు. చిక్కటి మజ్జిగలో నీళ్లు కలిపినట్టే అనుకోండి. ఇరవై ఏళ్లలో 500 టన్నులు. 20 వేల వార్‌హెడ్ల సరుకు అది. ఆ రోజుల్లో అమెరికాలో వెలిగే ప్రతి పది బల్బుల్లో ఒకటి ఆ బాంబుల ఇంధనంతోనే వెలిగింది. ఏ ఊళ్ల మీద పడటానికి చేసిన బాంబులో, అవి ఆ ఊళ్లలోనే దీపాలయ్యాయి. జీవితమంతా ఇంధనం పని చేసినవాణ్ని, ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. 2013లో చివరి ఓడ వెళ్లిపోయింది.

జడ్చర్ల అమ్మ
ఇది నాకు తెలియదు సార్. చదివి మా చిన్నోడికి పంపించాను.

డిగ్రీ సెకండియర్
మరి చైనా? ముగ్గురు అయితే ఎట్లా?

నోట్సు సారు
చిక్కుముడి అక్కడే ఉంది. 2025 నాటికి చైనా దగ్గర 600 దాకా ఉన్నాయి, ఏటా పెరుగుతున్నాయి. చైనా కూడా కూర్చోవాలని అమెరికా అంటుంది. మీ దగ్గర ఐదేసి వేలు పెట్టుకుని మమ్మల్ని పిలవడం ఏమిటని చైనా అంటుంది. చైనాను చూసి మనం, మనల్ని చూసి పాకిస్తాన్. 2024 మార్చి 11న మనం ఒకే అగ్ని-5 మీద ఒకటికి మించిన వార్‌హెడ్లు పెట్టి పరీక్షించాం. గర్వంగానే అనిపించింది, కాదనను. కానీ అటువంటి క్షిపణి వచ్చాక లెక్కపెట్టడం ఇంకా కష్టమవుతుంది. బయటి నుంచి చూస్తే క్షిపణి ఒక్కటే, లోపల ఎన్నో తెలియదు. కవరు కింద చూసే మనిషి కావాలి.

1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో 2010 కల్లా అణ్వాయుధాలన్నీ పోవాలని ఒక ప్రణాళిక పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్లకు పోఖ్రాన్‌లో మన అణుపరీక్షలే జరిగాయి. ఆ పేజీ కూడా నా నోట్సులో ఉంది.

కల్వకుర్తి మాజీ జవాను
అయితే సార్, మీరు మొదట అడిగినదానికి మీ జవాబు ఏమిటి? జరుగుతుందా, జరగదా?

నోట్సు సారు
పెద్ద ఒప్పందం దగ్గర్లో కనిపించడం లేదన్నా. గడువు తీరాక కూడా ఏడాది పాటు పాత పరిమితులు పాటిస్తామని పుతిన్ 2025 సెప్టెంబర్‌లో అన్నాడు కానీ తనిఖీ లేకుండా ఆ మాటను కొలిచేది ఎట్లా? ఒక్క సంగతి మాత్రం మీరంతా రాస్తుంటే గుర్తొచ్చింది. 2009 డిసెంబర్‌లో పాత స్టార్ట్ గడువు తీరింది. కొత్తది అమల్లోకి వచ్చింది 2011 ఫిబ్రవరిలో. మధ్యలో పద్నాలుగు నెలలు ఏమీ లేదు. అప్పుడు ఇద్దరూ బల్ల దగ్గరే ఉన్నారు, ఇప్పుడు లేరు, అది నిజం. కానీ ఆ ఖాళీ తర్వాత కూడా మళ్లీ రాయగలిగారు. ముందుగా తిరిగి రావలసింది అంకె తగ్గింపు కాదు, తనిఖీలు. ఆరు నెలలకోసారి లెక్కలు ఇచ్చుకోవడం మొదలైనా నేను సంతోషిస్తాను.

ఆ అమ్మాయికి రేపు చెబుతాను, రెండింటి కిందా చదవమని. కొట్టివేతల పేజీ పక్కన ఒక తెల్లకాగితం అంటించాను. పైన జనవరి 1 జాబితాల సంగతి రాశాను. దాని కింద వోట్కిన్‌స్క్ గేటు, అరిజోనా ముక్కలు, 20 వేల వార్‌హెడ్ల ఇంధనం. ఇంకా సగం ఖాళీ ఉంది.

అమ్రాబాద్ గాలి
సార్, మా పాప ఇంటర్ ఫస్టియర్. కాలేజీలో వ్యాసరచన ఉంది, ఇదే టాపిక్ తీసుకుంటానంటోంది. ఆ కాగితం జిరాక్స్ దొరుకుతుందా?

నోట్సు సారు
తప్పకుండా అమ్మా. ఆదివారం పదకొండింటికి క్లాక్ టవర్ దగ్గర ఉంటాను. మీవైపు నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇచ్చి పంపిస్తాను.

బత్తాయి తోట
ఆదివారం నేను కాయ దింపి అచ్చంపేట వైపే వస్తున్నాను. నాకు ఇవ్వండి సార్, పాపకు నేను అందిస్తాను.